విదేశవార్తల తెలుగు : గైరుహాజరు, తటస్థము, అలీనము

తెలుగు పత్రికాభాషను గూర్చి ఇంతవరకు జరిగిన చర్చలో అధికభాగము గ్రాంథిక వ్యావహారిక వివాదమునకును, వర్ణక్రమమునకును, ఆంగ్లపదముల చేరికకును సంబంధించినది. ఆ చర్చ అవసరమైనదే. కాని అది వార్తను భాషగా పరిశీలించినంతగా వార్తగా పరిశీలింపలేదు. ఒక రాజ్యము మఱియొక రాజ్యము విషయమున నేమి చేసినదో తెలుపవలసివచ్చినపుడు మన పత్రికలు వాడు మాటలు ఆ పనిని ఉన్నదున్నట్లు తెలుపుచున్నవా, లేక దానికి సమీపముననున్న వేఱొక పనిని తెలుపుచున్నవా? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన ప్రశ్న ఇదియే. ఆంగ్లపత్రిక చదువగలవారికి ఈ ప్రశ్న అంత ముఖ్యముగా తోపకపోవచ్చును. తెలుగుమాట సందిగ్ధముగా నున్నచో వారు మూలమును చూచుకొందురు. తెలుగు పత్రిక యొక్కటే ఆధారముగా గలవారికి అట్టి అవకాశము లేదు. తమ ప్రభుత్వము లోకములో నేమి చేయుచున్నదో వారికి తెలుగుమాట యెంత చెప్పిన నంతయే తెలియును. గల్ఫు దేశములకు కొడుకులను పంపిన కరీంనగర, నిజామాబాదు ప్రాంతముల కుటుంబములను తలచుకొన్నచో, విదేశాంగనీతి ఫలితమును ముందుగా ననుభవించువారు తఱచుగా వీరేయని తెలియగలదు.

ఒక ఉదాహరణముతో ప్రారంభింతుము. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యము ఉక్రెయిన్ దేశమున దాడికి దిగెను. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అత్యవసర ప్రత్యేక సమావేశములో ఆ చర్యను నిరసించు తీర్మానమును ఆమోదించెను. అనుకూలముగా 141 దేశములును, ప్రతికూలముగా 5 దేశములును ఓటు చేసినవి. 35 దేశములు సభలోనుండియు ఎటును చేరక నిలిచినవి. భారతదేశము ఆ ముప్పదియైదింటిలో నొకటి. సమితి సభ్యదేశములు 193. పై మూడు సంఖ్యలను కూడిన 181 వచ్చును. తక్కిన 12 దేశములు ఓటింగులో పాల్గొననే లేదు.

ఇట్టి సందర్భములలో మన పత్రికలు వ్రాయు మాట యేది? ‘ఓటింగుకు గైర్హాజరు’ అనునది పరిపాటియైన మాట. ‘ఓటింగుకు దూరం’ అనునది రెండవది. మొదటిదానిని యథాతథముగా గైకొన్నచో భారతదేశము ఆ 35 దేశములలో నుండదు, ఈ 12 దేశములలో నుండును. రెండవదానిని గైకొన్నచో ఎందున్నదో తెలియనే తెలియదు. ఇది కేవలము సంఖ్యల పొరపాటు కాదు. ఆనాడు భారత ప్రతినిధి తన దేశమెందుకట్లు నిలిచినదో సభకు వివరణ మిచ్చెను. యుద్ధము జరుగుచున్న ఖార్కివ్ మొదలగు ప్రాంతములలో చిక్కుకొన్న భారతీయులు, ముఖ్యముగా విద్యార్థులు, నిరాటంకముగా బయటపడుటకు దారి యీయవలెనని యందు కోరెను. ఆ విద్యార్థులలో వైద్యవిద్యకై వెళ్లిన తెలుగు పిల్లలును కలరు. సభకు రానివాడు సభలో వివరణ మిచ్చుట యెట్లు? ఒక పుటలో ‘గైర్హాజరు’ అను శీర్షికయు, మఱియొక పుటలో విద్యార్థుల తరలింపు వార్తయు చదివిన తండ్రికి, ఈ రెండింటికిని గల సంబంధము తెలియకపోవుటకు ఆ యొక్క మాటయే చాలును.

గైరుహాజరు అనునది అరబ్బీనుండి పారసీక, ఉర్దూభాషల మీదుగా కచేరీల ద్వారా తెలుగున స్థిరపడిన మాట. బడి హాజరుపట్టీలోను, న్యాయస్థానములోను దానికి స్పష్టమైన యర్థము కలదు. పిలిచిన వేళకు మనిషి అచట లేడు; అంతియే. కాని మాటకు అర్థముతోపాటు వాసనయు నుండును. గైరుహాజరైన విద్యార్థికి శిక్ష. గైరుహాజరైన ప్రతివాదిపై ఏకపక్షముగా డిక్రీ. కావున ఈ మాట విన్న తెలుగువాని మనస్సులో అశ్రద్ధయో, భయమో, తప్పించుకొనుటయో స్ఫురించును. భారతదేశము ఆనాడు చేసినది సరియైనదా, కాదా యన్నది వేఱు చర్చ. దానిని తప్పు పట్టువారు కలరు, సమర్థించువారును కలరు. కాని తీర్పు చెప్పుటకు ముందు అభియోగమేమో స్పష్టముగా నుండవలెను గదా! ఇచట మాటయే తీర్పును చెప్పివేయుచున్నది.

ఓటు వేయకుండుటలో భేదములేమున్నవని యెవరైన అడుగవచ్చును. ఉన్నవనుటకు 1950వ సంవత్సరపు కొరియా వ్యవహారముకంటె మంచి నిదర్శనము మాకు కనబడలేదు. అప్పటి భద్రతామండలిలో సభ్యులు పదునొకండు. చైనా స్థానము తైవానులోని జాతీయవాద ప్రభుత్వము చేతిలో నుండుటకు నిరసనగా సోవియట్ యూనియన్ ఆ సంవత్సరము జనవరినుండి మండలికి వచ్చుట మానివేసెను. జూన్ 25న ఉత్తర కొరియా సైన్యము దక్షిణమున ప్రవేశింపగా, పోరు మాని వెనుకకు మరలవలెనని మండలి తీర్మానించెను. అనుకూలురు 9, యుగోస్లావియా తటస్థము. భారతదేశము అనుకూలుర పక్షమున నుండెను. జూన్ 27న, దక్షిణ కొరియాకు సభ్యదేశములు సహాయపడవలెనని రెండవ తీర్మానము వచ్చెను. అనుకూలురు 7, ప్రతికూలము 1. ఈజిప్టు, భారతదేశములు సభలోనే యుండి, తమ ప్రభుత్వములనుండి ఆదేశములు రానందున ఓటింగులో పాల్గొనలేదు. ఆ మాసమున మండలి అధ్యక్షపీఠముపై కూర్చున్నవాడు భారత ప్రతినిధియైన బెనెగల్ నరసింగరావు! రెండుదినముల తరువాత భారత ప్రభుత్వము ఆ తీర్మానమును అంగీకరించినట్లు తెలిపెను. జూలై 7న, సైన్యములన్నియు అమెరికా సేనాధిపత్యమున ఏకము కావలెనను మూడవ తీర్మానము వచ్చెను. అనుకూలురు 7, ప్రతికూలురు లేరు. ఈజిప్టు, యుగోస్లావియాలతోపాటు భారతదేశము ఈసారి బుద్ధిపూర్వకముగా తటస్థముగా నిలిచెను.

పండ్రెండు దినములలో ఒకే గదిలో భారతదేశము మూడు విధములుగా వర్తించినది. మొదట సమ్మతించెను, పిదప ఆదేశములేక ఊరకుండెను, తరువాత ఆలోచించి తటస్థముగా నుండెను. ఇక సోవియట్ యూనియన్ చేసినది నాలుగవ విధము. అది నిజముగా గైరుహాజరు. దాని ఫలితము చిన్నది కాదు. వచ్చియుండినచో ఒక్క వీటోతో మూడు తీర్మానములును ఆగియుండెడివి. రానందున ఆ యుద్ధము ఐక్యరాజ్యసమితి పతాకము క్రింద సాగినది. ఆగస్టు 1న సోవియట్ ప్రతినిధి తిరిగివచ్చి అధ్యక్షపీఠమున కూర్చుండునప్పటికి జరుగవలసినది జరిగిపోయినది. ఈ నాలుగింటిలో మూడింటిని ఒకే మాటతో వ్రాయు భాషలో ఈ కథను చెప్పుట సాధ్యమా?

ఈ భేదములు పాశ్చాత్యుల సభామర్యాదలనియు, మన భాషకు అవి కొత్తవనియు అనుటకు వీలులేదు. తెలుగువానికి యుద్ధము, సంధి, దౌత్యము అనువానిని గూర్చిన తొలిపాఠము తిక్కన ఉద్యోగపర్వము. చదువురానివానికి అదే పాఠము తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకములనుండి లభించినది. పడకసీను చూడని పల్లె కోస్తాజిల్లాలలో నరుదు. ఆ కథలో కురుక్షేత్రమున ఆయుధము పట్టనివారందఱు నొక్క తెగవారు కారని పల్లెటూరి ప్రేక్షకునకును తెలియును. బలరాముడు ఇరుపక్షములును తనవారేయని తీర్థయాత్రకు వెడలిపోయెను. కృష్ణుడు ఆయుధము పట్టనని మాట యిచ్చి, అర్జునుని రథముపై కూర్చుండెను. రుక్మి సేనతో నచ్చి, భయమున్నచో సాయపడుదునని పాండవులతో గొప్పలు పలికి తిరస్కృతుడై, దుర్యోధనునొద్దకు వెళ్లి అచటను తిరస్కృతుడయ్యెను. బలరాముడు యుద్ధమున లేడు, రుక్మి లేడు. అయినను ఇరువురిని ఒక్కమాటతో ‘యుద్ధమునకు దూరము’ అని వ్రాసిన విద్యార్థికి మనము పరీక్షలో మార్కులు వేయుదుమా? రాయబారములలోను ఇట్టి తారతమ్యమే కలదు. అర్థశాస్త్రము దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు తెగలుగా విభజించినది. కృష్ణుడు తన మాటపై సంధిని నిర్ణయింపగలవాడు. సంజయుడు చెప్పి పంపిన మాటను చెప్పువాడు. నేటి పత్రికలో స్థిరనివాసియైన దౌత్యాధికారియు, ఒకపనికై పంపబడిన ప్రత్యేక ప్రతినిధియు, లేఖ చేరవేయువాడును అందఱు ‘రాయబారులే’.

అయితే ఆ నాటకముల వలన ఒక చిక్కును వచ్చినది. కృష్ణరాయబారమున ధర్మము ఒక పక్షముననే యుండును. దూత సాక్షాత్తు భగవంతుడు. చర్చలు విఫలమగునని ప్రేక్షకునకు ముందే తెలియును. 1966 జనవరి 10 నాటి తాష్కెంటు ఒడంబడికను గాని, 1972 జూలై 2 నాటి సిమ్లా ఒడంబడికను గాని ఈ చట్రములో బిగించిన అర్థము కావు. వానిలో ఇరుపక్షములును కొంత పోగొట్టుకొని, ఇరుపక్షములును గెలిచితిమని ఇంటికి మరలినవి.

ఇంతకు, ఓటు వేయక నిలుచుటకు తగిన మాట యేది? మాట కొఱకు మన మెక్కడికిని పోనక్కఱలేదు. శాసనసభల వార్తలలో అనుకూలురు, ప్రతికూలురు, తటస్థులు అను విభజన చిరకాలముగ నున్నదే. 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి ఆంధ్రరాష్ట్ర మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయిన నాటినుండి, సభలో ఎవరెటు నిలిచిరో లెక్కించు విద్య తెలుగు పాఠకునకు బాగుగ తెలిసినదే. శాసనసభకు పనికివచ్చిన మాట సర్వప్రతినిధి సభకు పనికిరాకపోవుట కేమి కారణమో మాకు బోధపడలేదు.

తటస్థుడనగా గట్టుపై నిలిచినవాడు. అతడు ఏటిని చూచుచునే యున్నాడు; ఏటిలో దిగలేదు. అదే ధాతువుతో ‘తటస్థించు’ అను క్రియకు సంభవించుట యను నర్థము తెలుగున నేర్పడుట (ఆపద తటస్థించినది అందుము గదా) భాషయొక్క వింతపోకడలలో నొకటి. తటస్థత యనగా చేతులు ముడుచుకొని యుండుట యనుకొనువారు మరల కొరియానే చూడవలెను. 1953 జూలై 27న పోరు నిలిచిన పిదప, స్వదేశమునకు మరల నిరాకరించిన ఇరువదివేలకు పైబడిన యుద్ధఖైదీల బాధ్యతను వహించుటకు తటస్థరాజ్యముల సంఘ మొకటి ఏర్పడెను. స్వీడను, స్విట్జర్లాండు, పోలండు, చెకొస్లోవేకియా అందు సభ్యులు. అధ్యక్షత భారతదేశమునది, అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. ఇరుపక్షములచేతను మాటలు పడుచు ఆ ఖైదీలను కాచుట మన సైనికులవంతైనది. గట్టుపై నిలిచినవానికే ఆ పని యప్పగింపబడెను. ఏటిలో నున్నవానికి కాదు.

‘ఉదాసీన’ శబ్దము ఈ స్థానమునకు తగునని కొందఱు పండితులు సూచింపవచ్చును. రాజనీతిగ్రంథములలో దాని స్థానము ఘనమైనది. రాజమండల సిద్ధాంతమున విజిగీషువునకును, అరికిని, మధ్యమునకును వెలుపల, వారికంటె బలవంతుడై యుండువాడు ఉదాసీనుడు. అట్టి మాట నేటి తెలుగున నిర్లక్ష్యమునకు పర్యాయమై, ‘అధికారుల ఉదాసీనత’ అను పలుకుబడిలో మిగిలినది. ఒకప్పటి అత్యంత బలవంతుడు నేడు పని ఎగవేయు ఉద్యోగియైనాడు. ఆముక్తమాల్యదలోని యామునాచార్యుని రాజనీతిని, సకలనీతిసమ్మతమును పాఠము చెప్పువారికి ఆ శబ్దము ప్రాచీనార్థమున తెలిసియుండును గాని, పత్రికాపాఠకునకు నేటి అర్థమే ప్రమాణము. కావున ఆ సూచన మాకు సమ్మతము కాదు. ప్రాచీనమైనంతమాత్రమున మాట వాడుకకు తగదు.

ఇక అలీనము. ఈ మాటను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది; ఏలయన విదేశాంగ పరిభాషలో తెలుగువారు చేసికొన్న మంచిమాటలలో ఇది ముఖ్యమైనదని మా యభిప్రాయము. 1955 ఏప్రిలులో బాండుంగులో 29 ఆసియా, ఆఫ్రికా దేశములు సమావేశమైనవి. 1961 సెప్టెంబరులో బెల్‌గ్రేడులో 25 దేశములతో ఉద్యమము రూపొందినది. ఈ నీతికి మన పొరుగుభాషలు పెట్టిన పేళ్లు చూడదగినవి. తమిళులు ‘అణిసేరా’ అనిరి, బారులో చేరనిది. మలయాళులు ‘చేరిచేరా’ అనిరి, పక్షమున చేరనిది. హిందీలో ‘గుట్‌నిరపేక్ష’, ముఠాల నాశ్రయింపనిది. కన్నడిగులు ‘అలిప్త’ అనిరి, అంటనిది, పూయబడనిది. తెలుగువారు ‘అలీన’ అనిరి, లీనము కానిది. తక్కిన భాషల మాటలు చేరుటను నిషేధించుచున్నవి. కన్నడపు మాట అంటుటనే నిషేధించుచున్నది. తెలుగుమాట ఒక్కటి మాత్రము చేరుటను, అంటుటను నిషేధింపదు. కరగిపోవుటను మాత్రమే నిషేధించును. సమీపముగ నుండవచ్చును, కలిసి నడువవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును. తన రూపు కోల్పోరాదు. ఆంగ్లపదపు ధ్వనికి దగ్గఱగా నుండుట యాదృచ్ఛికమో, కల్పించినవారి చమత్కారమో గాని, అర్థమునకు మాత్రము ఇది చక్కగా నతికినది. (ఒక్కొక్కచోట ‘ఆలీన’ అని దీర్ఘముతో అచ్చుపడుటయు కలదు. సంస్కృతమున దాని యర్థము అంటుకొని యున్నదని. ఒక్క దీర్ఘముచే దేశము విదేశాంగనీతియే తలక్రిందగును!)

అలీనమును తటస్థముతో కలిపివేయుట నెహ్రూ కేనాడును సమ్మతము కాలేదు. తటస్థత ఒక వివాదమునందలి స్థితి. అలీనము ఒక రాజ్యము తన నిర్ణయములన్నింటికిని పెట్టుకొన్న నియమము. అలీనదేశము ఒక ప్రశ్నపై అనుకూలముగ ఓటు వేయవచ్చును, ప్రతికూలముగ వేయవచ్చును, తటస్థముగ నుండవచ్చును. 1950 జూన్, జూలై మాసములలో భారతదేశము చేసినది అదియే. ఈ తేడా తెలిసినపుడే పాఠకుడు సూటియైన ప్రశ్నలు వేయగలుగును. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో శాంతి, మైత్రీ, సహకార ఒడంబడిక చేసికొన్న పిదప మన దేశము లీనమైనదా, కాలేదా? ‘తటస్థత పోయినదా?’ అని యడుగుట వ్యర్థము. ఆ వత్సరము తూర్పు బెంగాలు విషయమున మనము తటస్థులము కానేకాము. ‘లీనమైనదా?’ అన్నది అడుగదగిన ప్రశ్న. దానికి ఇరువైపుల వాదింపవచ్చును. నేడు అలీనమను మాట వెనుకబడి, ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ యను దీర్ఘసమాసము వచ్చినది. చదువువాడు దానిని గౌరవించి దాటిపోవునేగాని ప్రశ్నింపడు. మాట గంభీరమగుకొలది ప్రశ్న తగ్గుట ప్రభుత్వములకు అనుకూలమే కావచ్చును. పత్రికలకు అది ఆదర్శము కారాదు.

అలీనమున మెఱసిన తెలుగువారి బుద్ధి ‘ప్రచ్ఛన్నయుద్ధము’న తప్పుదారి పట్టినది. ఇచటను పొరుగుభాషలను చూడుడు. హిందీలో శీతయుద్ధము, మలయాళమున శీతయుద్ధమే, కన్నడమున శీతలసమరము, తమిళమున పనిప్పోరు, అనగా మంచుయుద్ధము. అందఱును చలినే గ్రహించిరి. తెలుగువారొక్కరే చలిని విడిచి మఱుగును గ్రహించిరి. ప్రచ్ఛన్నమనగా కప్పబడినది. కాని ఆ యుద్ధములో కప్పబడినదేది? 1961లో బెర్లిను నగరము మధ్య గోడ లేచుట, 1962 అక్టోబరులో క్యూబా చుట్టును నౌకలు నిలుచుట లోకమంతయు కన్నులార చూచినదే. ఆ వైరమున లేనిది బాహాటత్వము కాదు, రెండు అగ్రరాజ్యముల సైన్యములు నేరుగ తలపడుట. దాగియున్నది యుద్ధము కాదు, నిప్పు. మాట స్థిరపడి మూడుతరములైనది. దానిని మార్చుమనుట మా యుద్దేశము కాదు. అయితే దాని మూలమున వచ్చిన నష్టము నేటికిని కనబడుచున్నది. ఒక రాజ్యము తాను వెనుకనుండి మఱియొకరిచేత చేయించు పోరును తెలుపుటకు ‘పరోక్షయుద్ధము’ అను మంచిమాట యున్నను, కొందఱు దానినిగూడ ప్రచ్ఛన్నయుద్ధమనియే వ్రాయుచున్నారు. అది నిజముగ ప్రచ్ఛన్నమే గనుక వారిని తప్పుపట్టుటకును వీలులేదు! తప్పు మొదటి నామకరణములో నున్నది.

మాటల కలయిక సరిహద్దు విషయమున మఱింత హానికరము. పాకిస్తానుతో నున్నది నియంత్రణరేఖ. సిమ్లా ఒడంబడికను అనుసరించి 1972 డిసెంబరులో ఇరుదేశముల సేనాధికారులు పటములపై గుర్తించి అంగీకరించిన రేఖ యది. చైనాతో నున్నది వాస్తవాధీనరేఖ. అది అంతట ఇరువురును ఒప్పి పటముపై గీసినది కాదు; కొన్నిచోట్ల ఎవరి రేఖ వారిదే. ఒకటి గీచిన గీత, రెండవది గీయని గీత. మన వార్తలలో మొదటిదానికి రెండవదాని పేరు పెట్టుట తఱచు చూచుచున్నాము. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు, ఆయన సహచరులు ప్రాణములు కోల్పోయినది ఆ రెండవ రేఖ దగ్గఱ. గీత గీయబడియున్నచో ఆ రాత్రి యెట్లుండెడిదో ఎవరును చెప్పలేరు గాని, గీత గీయబడలేదను సంగతి తెలియనివానికి ఆ మరణములకు కారణమే అర్థము కాదు.

చిన్న మాటలు మఱికొన్ని కలవు. సర్వప్రతినిధి సభను ‘సాధారణ సభ’ యనుటచే అది యేదో మామూలు సభయను భావము కలుగుచున్నది. ‘ఆంక్షలు’ అను మాటతో భద్రతామండలి విధించు నిర్బంధములును, ఒక దేశము తన యిష్టానుసారముగ విధించు నిర్బంధములును కలిసిపోవుచున్నవి. 1998లో పోఖ్రాను పరీక్షల తరువాత మనపై వచ్చినవి రెండవ తెగకు చెందినవి. వీటోకు ‘నిరోధాధికారము’ వంటి సంస్కృతసమాసము లెన్ని వచ్చినను వీటోయే నిలిచినది, నిలువవలసినదియు నదియే. పంచాయతీ రాజకీయములలో గూడ ఆ మాట చెల్లుచున్నది. అన్యదేశ్యమైనంతమాత్రమున మాట చెడ్డది కాదు. గైరుహాజరును మేము ఆక్షేపించునది అది అరబ్బీనుండి వచ్చినందుకు కాదు, అబద్ధము చెప్పుచున్నందుకు.

పత్రిక యను పని తొందరపని యని సమాధానము వచ్చును. నిజమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914 ఏప్రిల్ 1న వెలువడినది. నాలుగు నెలలకే ప్రపంచయుద్ధము వచ్చిపడినది. దినపత్రికలోని తెలుగు పుట్టీపుట్టకముందే ప్రపంచమంతటి యుద్ధమును మోయవలసివచ్చినది. బందరు కృష్ణాపత్రికలో ముట్నూరి కృష్ణారావుగారు, తరువాతి తరమున ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతులలో నార్ల వేంకటేశ్వరరావుగారు అంతర్జాతీయ విషయములను తెలుగున వ్యాఖ్యానించిరి. ఆ వ్యాఖ్యలతో ఎవరైన విభేదింపవచ్చును. కాని వ్యాఖ్యానించువాడు తనకు అర్థమైనది వ్రాయును. రాత్రివేళ ఆంగ్లవార్తను తెలుగుచేయు ఉపసంపాదకుడు తనకు చిక్కిన మాట వ్రాయును. సంపాదకీయము ఒక చోటను, వార్త మఱొక చోటను తయారగుచున్నంతకాలము ఈ రెండు తెలుగులు వేఱుగనే యుండును. ఇక శీర్షికలో చోటు చాలదను వాదము ఈ సందర్భమున చెల్లదు. ‘గైర్హాజరు’ నాలుగక్షరములు, ‘తటస్థం’ మూడు.

విదేశవార్తలలో మఱియొక తెగ కలదు. దానిని పండితులు పట్టించుకొనరు గాని పాఠకుడు ముందుగ చదువునది యదియే. వింతలు, విశేషములు అను పేర లోపలిపుటలలో పడు తునుకలివి. వీనిని తేలికగ చూడవలదని మా మనవి. వింతయనగా కారణము తొలగింపబడిన రాజకీయవార్త యని మేము తలచుచున్నాము. ఉదాహరణకు, ‘దేశములో దేశము, అందులో దేశము’ అని మన పత్రికలలో పలుమారులు వచ్చిన చిట్‌మహళ్ల సంగతి చూడుడు. బంగ్లాదేశములో భారతదేశపు తునుకలు 111, భారతదేశములో బంగ్లాదేశపు తునుకలు 51. దహలా ఖాగ్రాబారి యను చోట రెండెకరములకు తక్కువైన భారతభూమి బంగ్లాదేశపు తునుకలోను, అది భారతదేశపు తునుకలోను, అది మరల బంగ్లాదేశములోను ఉండెను. కూచ్‌బిహారు రాజును, రంగపురపు ఫౌజుదారును చదరంగమాడి గ్రామములను పందెమొడ్డిరను కథ దీనికి తోడు. చదివినవాడు నవ్వి పుట త్రిప్పును. కాని ఆ తునుకలలో యాభైవేలకు పైగా మనుషులు పేరుకొక దేశము గలవారై, బడిలేక, పోలీసులేక, ఓటులేక తరములు గడిపిరి. 1974లో ఇందిరాగాంధి, ముజిబుర్ రహమానులు సంతకము చేసిన ఒడంబడిక అమలగుటకు 2015 వఱకు పట్టినది. రాజ్యాంగమునకు నూఱవ సవరణ జరిగినది దానికొఱకే. ఆ సంవత్సరము జూలై 31 అర్ధరాత్రి భూములు మాఱినవి. బంగ్లాదేశములోని భారతీయ తునుకలవారిలో భారతదేశమునకు తరలివచ్చినవారు సుమారు వేయిమంది మాత్రమే. తక్కినవారు ఉన్న నేలనే నమ్ముకొనిరి. చదరంగపు కథకు దొరకిన చోటు వీరి నిర్ణయమునకు దొరకలేదు.

అంతదూర మేల? మన గోదావరితీరముననే యానాము కలదు. తెలుగు మాటాడు ఊరు, చుట్టును తెలుగు జిల్లా, పైన ఫ్రెంచి పతాకము. 1929 నాటి శారదా శాసనము బాల్యవివాహములను నిషేధింపగా, బ్రిటిషు పాలనలోని తెలుగువారు కొందఱు తమ పిల్లలతో యానామునకు పోయి పెండ్లిండ్లు చేసి మరలివచ్చిరి. ఇది నేటికిని వింతగ చెప్పుకొను కథ. కాని దీనిలోని సారము రాజ్యాధికారము. ఒక కాలువ దాటిన చట్టము మాఱును, చట్టము మాఱిన పదేండ్ల పిల్ల బ్రతుకు మాఱును. సార్వభౌమత్వము అను మాటకు ఇంతకంటె స్పష్టమైన తెలుగు వ్యాఖ్య మఱియొకటి మాకు తెలియదు. 1954 జూన్ 13న దడాల రఫేలు రమణయ్య ప్రభృతులు యానామును విముక్తము చేసిరి. అదే సంవత్సరము నవంబరు 1న ఫ్రెంచివారి భారతీయ స్థావరముల పరిపాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. 1956 మే 28న అప్పగింత ఒడంబడికపై సంతకములు జరిగెను. న్యాయతః అవి భారతదేశములో చేరినది మాత్రము 1962 ఆగస్టు 16న. నడుమ ఎనిమిదేండ్లు యానాము పరిపాలనలో భారతదేశము, చట్టములో ఫ్రాన్సు. ఆ యెనిమిదేండ్ల స్థితిని తెలుపుటకు పాలన, స్వామ్యము అను రెండు మాటలు వేఱువేఱుగ కావలెను. రెండును తెలుగు పాఠకునకు తెలిసినవే. పొలము కౌలుకిచ్చిన రైతు నడిగిన, దున్నువాడెవరో, పట్టా ఎవరి పేరనున్నదో రెండు మాటలలో చెప్పును.